ఆక్సీమీటర్‌లో 98 ఉంటే మెట్లెక్కేటప్పుడు ఆయాసం ఎందుకు?

ప్రశ్న: మాది చంద్రగిరి. అమ్మకు 46 ఏళ్లు, బరువు 55 కిలోలు. రెండు మూడు నెలలుగా బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్తే చాలు, ఆయాసం, గుండె దడ. కాసేపు కూర్చుంటే సర్దుకుంటుంది. కరోనా అప్పుడు కొన్న ఆక్సీమీటర్ పెడితే ఎప్పుడు చూసినా 98 చూపిస్తోంది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 7.2 వచ్చింది. డాక్టరు రోజూ ఒక ఐరన్ మాత్ర వేసుకోమన్నారు. పొద్దున్నే కాఫీతో పాటు వేసుకుంటోంది. నెల దాటినా తేడా లేదు. వచ్చే నెల అలిపిరి నుంచి నడిచి కొండకు వస్తానని మొక్కు ఉంది. మామయ్యేమో ‘ఆక్సిజన్ క్యాన్ ఒకటి తీసుకెళ్దాం, కర్పూరం వాసన చూస్తూ ఎక్కితే ఏమీ కాదు’ అంటున్నాడు. ఆక్సిజన్ 98 ఉన్నప్పుడు ఆయాసం ఎందుకు వస్తోంది? మిషన్ తప్పు చూపిస్తోందా?
- ఒక పాఠకురాలు, చంద్రగిరి

జవాబు: మిషన్ సరిగ్గానే చూపిస్తోంది. కాకపోతే మీ ప్రశ్నకు జవాబు ఆ మిషన్‌లో దొరకదు, మీ చేతిలో ఉన్న ల్యాబ్ కాగితంలో ఉంది. ముందుగా ఒక మాట: 7.2తో అలిపిరి మెట్లు వద్దు. మొక్కును ఆరు నెలలు వాయిదా వేయండి. ఎందుకో చెప్పాలంటే ఆక్సిజన్ ముక్కులోంచి కాలి కండరం దాకా ఎలా వెళ్తుందో కొంచెం వివరంగా చూడాలి.

మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం. ఒక్కో శ్వాసకు అర లీటరు గాలి లోపలికి వెళ్తుంది. అందులో 150 మిల్లీలీటర్ల దాకా గొంతులో, గాలిగొట్టాల్లోనే ఉండిపోయి అలాగే బయటికి వచ్చేస్తుంది. మిగిలినది గాలిగొట్టాల కొమ్మలు సుమారు 23 సార్లు చీలిన తర్వాత గాలి గదులకు చేరుతుంది. రెండు ఊపిరితిత్తుల్లో కలిపి ఇవి 30 కోట్లకు పైమాటే. వాటి గోడకు అవతలే రక్తం పారే కేశనాళిక ఉంటుంది. మధ్యలో ఉన్న పొర మందం ఒక మైక్రాన్ కూడా ఉండదు. ఆక్సిజన్‌ను ఎవరూ నెట్టనక్కర్లేదు. గాలి గదిలో దాని పీడనం పాదరసం లెక్కన సుమారు 100 మిల్లీమీటర్లు, శరీరమంతా తిరిగి వచ్చిన రక్తంలో 40. ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికి అదే జారిపోతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒక ఎర్ర రక్తకణం ఆ కేశనాళికలో ముప్పావు సెకను ఉంటుంది. ఆక్సిజన్ నింపుకోవడానికి అందులో మూడో వంతు చాలు. అంటే ఊపిరితిత్తుల దగ్గర మనకు బోలెడంత వెసులుబాటు ఉంది. మీ అమ్మగారికి ఇక్కడ ఏ ఇబ్బందీ లేదు. 98 అనే అంకె చెబుతున్నది ఇదే.

ఇబ్బంది తర్వాతి మజిలీలో ఉంది. ఆక్సిజన్ నీళ్లలో సరిగా కరగదు, రక్తంలోని ద్రవంలోనూ అంతే. 100 మిల్లీలీటర్ల రక్తంలో కరిగే ఆక్సిజన్ 0.3 మిల్లీలీటర్లు మాత్రమే. దాంతో మనిషి బతకలేడు. మిగతాదంతా ఎర్ర కణాల్లోని హిమోగ్లోబిన్ మోయాల్సిందే. ఒక్కో హిమోగ్లోబిన్ అణువులో నాలుగు ఇనుము పరమాణువులు, ఒక్కోదానికి ఒక్కో ఆక్సిజన్ అణువు. మొత్తం మీద ఒక గ్రాము హిమోగ్లోబిన్ 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. ఈ అంకె గుర్తుంటే మిగతా లెక్కంతా మీరే వేసుకోవచ్చు.

హిమోగ్లోబిన్ 13, అంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో 13 గ్రాములు ఉన్న ఆవిడను తీసుకుందాం. 13ను 1.34తో, ఆపైన 0.98తో గుణిస్తే 17.1. కరిగిన 0.3 కలిపితే 100 మిల్లీలీటర్ల రక్తంలో 17.4 మిల్లీలీటర్ల ఆక్సిజన్. ఇప్పుడు అదే లెక్క మీ అమ్మగారి 7.2తో వేయండి. 9.5, దానికి 0.3 కలిపితే 9.8 కూడా నిండదు. ఇద్దరి వేలికీ ఆక్సీమీటర్ పెట్టండి, ఇద్దరికీ 98 చూపిస్తుంది. రక్తంలో ఉన్న ఆక్సిజన్ మాత్రం ఒకరికి ఇంచుమించు సగం. కొండకు వెళ్లే ఆర్టీసీ బస్సుల్లో 98 శాతం సీట్లు నిండాయని చెబితే ఎంతమంది వెళ్లారో తెలియదు కదా, ఎన్ని బస్సులు నడిచాయో కూడా తెలియాలి. ఆక్సీమీటర్ సీట్ల లెక్క చెబుతుంది. బస్సుల లెక్క చెప్పేది హిమోగ్లోబిన్ పరీక్ష.

ఆ మిషన్ పనిచేసే తీరే అలాంటిది. క్లిప్పులో ఒకవైపు రెండు చిన్న దీపాలు ఉంటాయి. ఒకటి 660 నానోమీటర్ల ఎర్రకాంతి, రెండోది కంటికి కనపడని 940 నానోమీటర్ల పరారుణ కాంతి. ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్, లేని హిమోగ్లోబిన్ ఈ రెండు కాంతులనూ వేర్వేరుగా పీల్చుకుంటాయి. నాడి కొట్టుకున్నప్పుడల్లా మారే భాగాన్ని మాత్రమే తీసుకుని, రెండు కాంతుల నిష్పత్తి చూసి శాతం చెబుతుంది. జపాన్ ఇంజినీరు టకువో అవోయాగి 1970లలో పట్టుకున్న కిటుకు ఇది. నిష్పత్తి చూస్తుంది కాబట్టి మొత్తం ఎంత ఉందన్నది దానికి అక్కర్లేదు. పెదాలు నీలం కాలేదు కదా అని కూడా ధైర్యపడకండి. నీలం రంగు కనిపించాలంటే 100 మిల్లీలీటర్లకు ఇంచుమించు 5 గ్రాముల హిమోగ్లోబిన్ ఆక్సిజన్ లేకుండా ఉండాలి. మొత్తమే 7 గ్రాములున్న మనిషి నీలం కాకముందే ప్రాణం మీదికి వస్తుంది. రక్తహీనతలో కనిపించేది తెల్లబారడం. కింది కనురెప్పను లాగి చూడండి, అరచేతి గీతలు చూడండి.

సరే, ఆక్సిజన్ సగమే ఉంటే కూర్చున్నప్పుడు బాగానే ఎందుకుంటోంది? ఇది అసలైన ప్రశ్న. దీనికి రెండు కారణాలున్నాయి.

ఒకటి, శరీరంలో ముందు నుంచే మిగులు ఉంది. గుండె నిమిషానికి ఐదు లీటర్ల రక్తం పంపుతుందనుకుంటే, 13 హిమోగ్లోబిన్‌తో 870 మిల్లీలీటర్ల ఆక్సిజన్ బయల్దేరుతుంది. ఊరికే కూర్చున్న 55 కిలోల మనిషి వాడుకునేది 200 దాకా. నాలుగో వంతు కూడా ఖర్చు కాదు, మిగిలింది అలాగే తిరిగి వస్తుంది. మీ అమ్మగారికి బయల్దేరేదే 490. అందులోంచి అదే 200 తీసుకోవాలి కాబట్టి నాలుగో వంతు బదులు ఐదింట రెండు వంతులు దించుకుంటుంది. హిమోగ్లోబిన్ కూడా సాయం చేస్తుంది. కండరంలో కార్బన్ డయాక్సైడ్, ఆమ్లం, వేడి పెరిగినచోట అది పట్టు సడలించి ఆక్సిజన్‌ను వదులుతుంది. క్రిస్టియన్ బోర్ 1904లో గమనించిన సంగతి ఇది. రక్తహీనత నెలల తరబడి ఉంటే ఎర్ర కణాల్లో డీపీజీ అనే పదార్థం పెరిగి ఆ పట్టు ఇంకా సడలుతుంది. నెమ్మదిగా 7కు దిగినవాళ్లు ఇంటి పని చేసుకుంటూ తిరగగలగడం, ప్రమాదంలో ఒక్కసారిగా రక్తం పోయి 7కు దిగినవాళ్లు లేవలేకపోవడం మీరు చూసే ఉంటారు. ఒక్కసారిగా రక్తం పోయినవాళ్లకు ఇలా సర్దుకునే వ్యవధి ఉండదు, పైగా నాళాల్లో రక్తమే తక్కువ పడుతుంది.

రెండోది, ఆక్సిజన్ తగ్గిందని మెదడుకు చెప్పే కాపలా మెడలో ఉంటుంది. మెదడుకు వెళ్లే ధమని రెండుగా చీలేచోట బియ్యపు గింజంత కణజాలం. అది చూసేది రక్తంలోని ఆక్సిజన్ పీడనాన్ని, పరిమాణాన్ని కాదు. రక్తహీనతలో పీడనం మామూలుగానే ఉంటుంది కాబట్టి ఆ కాపలా నిద్రపోతూనే ఉంటుంది. కూర్చుంటే ఆయాసం లేకపోవడానికి కారణం అదే. మెట్లెక్కినప్పుడు కాలి కండరానికి ఆక్సిజన్ చాలక లాక్టిక్ ఆమ్లం పోగవుతుంది. ఆ ఆమ్లమూ, అలసిన కండరాల నుంచి వెళ్లే సంకేతాలూ కలిసి ఊపిరిని తరుముతాయి. గుండె తన వంతుగా వేగం పెంచుతుంది. మీరు రాసిన ఆయాసం, దడ రెండూ అక్కడివే.

ఇప్పుడు అలిపిరి లెక్క. 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దారి. గాలిగోపురం దాకా ఎక్కుడు తెరిపి ఇవ్వదు, చివర్లో మోకాళ్ల పర్వతం మళ్లీ పరీక్ష పెడుతుంది. 55 కిలోల మనిషి నిదానంగా మెట్లెక్కినా నిమిషానికి ఇంచుమించు ఒక లీటరు ఆక్సిజన్ కావాలి. రక్తం తనలోని ఆక్సిజన్‌లో 65 శాతం దించగలదనుకుందాం. 13 హిమోగ్లోబిన్‌తో అయితే గుండె నిమిషానికి తొమ్మిది లీటర్ల రక్తం తోడితే ఆ లీటరు ఆక్సిజన్ అందుతుంది. 7.2తో అయితే పదహారు లీటర్లు తోడాలి. వ్యాయామం అలవాటు లేని 46 ఏళ్ల మనిషి గుండెకు అది పూర్తి శక్తితో కొట్టుకున్నా అందని పని కావచ్చు. మేడ మెట్లు ఇరవైతో అయిపోతాయి కాబట్టి అప్పు చేసి నెట్టుకొస్తోంది. అక్కడ గంటల తరబడి ఎక్కాలి. ఈలోగా గుండె కండరానికే ఆక్సిజన్ చాలకపోతే ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి జరుగుతాయి. శ్రీవారి మెట్టు దారి 2,388 మెట్లే కదా అని అటు మళ్లకండి. దూరం తక్కువైనా నిటారు ఎక్కువ, నిమిషానికి కావలసిన ఆక్సిజన్ తగ్గదు.

‘కొండ మీద గాలిలో ఆక్సిజన్ తక్కువ’ అనే మాట కూడా ఈ సందర్భంలో వినపడుతుంది. తిరుపతి కన్నా తిరుమల ఏడెనిమిది వందల మీటర్లు ఎత్తు. గాలి పీడనం తగ్గేది పదో వంతు లోపే. ఆక్సీమీటర్‌లో ఒకటి రెండు అంకెలు తగ్గితే ఎక్కువ. బస్సులో వెళ్లి దర్శనం చేసుకుని రావడానికి దానివల్ల భయమేమీ లేదు, క్యూలో ఎక్కువసేపు నిలబడకుండా చూసుకోండి.

మామయ్యగారి ఆక్సిజన్ క్యాన్ సంగతి. 98ని 100 చేస్తే మీ అమ్మగారి రక్తంలో అదనంగా చేరేది 100 మిల్లీలీటర్లకు 0.2 మిల్లీలీటర్లు. ఆసుపత్రిలో మంచి మాస్కుతో గట్టిగా ఆక్సిజన్ పెడితే కరిగిన భాగం మరో 0.6 దాకా పెరుగుతుంది. మొత్తం 0.8. హిమోగ్లోబిన్ ఒక్క గ్రాము పెరిగితే వచ్చేది 1.3. చేతిలో పట్టుకునే క్యాన్‌లో ఆసుపత్రి మాస్కంత ప్రభావం కూడా ఉండదు. అందులో ఉండేది కొన్ని లీటర్లు, మెట్లెక్కేవాళ్లు నిమిషానికి ముప్పై నలభై లీటర్ల గాలి పీలుస్తారు. రెండు మెట్ల వరసలు దాటేలోపు క్యాన్ ఖాళీ. ఆ డబ్బుతో ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించండి.

కర్పూరం వాసన చూస్తే ముక్కులోని చల్లదనం గుర్తించే నరాలు మేల్కొంటాయి, గాలి ఎక్కువ ఆడుతున్నట్టు అనిపిస్తుంది. అనిపించడం వరకే. రక్తంలో ఒక్క అణువు ఆక్సిజన్ కూడా పెరగదు. ఆగాల్సినచోట ఆగకుండా నడిపిస్తుంది కాబట్టి ఈ స్థితిలో నష్టమే. ‘గట్టిగా ఊపిరి పీల్చు’ అన్న సలహా కూడా అంతే. 98 దగ్గర ఉన్న హిమోగ్లోబిన్‌లో ఇంకా నింపడానికి చోటు లేదు. బలవంతంగా పీలిస్తే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా పోయి మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి, తల తిరిగి మూతి, వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

ఇక చేయాల్సిన పని. నెల రోజులుగా మాత్ర వేసుకుంటున్నా తేడా లేదన్నారు. కాఫీయే ముఖ్యమైన అనుమానితురాలు. కాఫీ, టీల్లోని పాలీఫినాల్స్ ఇనుమును పేగులోనే కట్టేస్తాయి. పాలలోని కాల్షియం కూడా అడ్డుపడుతుంది. మాత్రను పరగడుపున, మంచినీళ్లతో గానీ నిమ్మరసంతో గానీ వేసుకోవాలి. ఆ తర్వాత కనీసం గంటపాటు కాఫీ, టీ, పాలు వద్దు. కాల్షియం మాత్రలు, గ్యాస్ మాత్రలు వాడుతుంటే అవి వేరే పూటకు మార్చాలి. గ్యాస్ మాత్ర రోజూ నెలల తరబడి వేసుకునేవాళ్లకు ఇనుము సరిగా పట్టదు, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. పరగడుపున వికారంగా ఉంటే తిన్న రెండు గంటల తర్వాత వేసుకోవచ్చు. అసలు కడుపు తట్టుకోకపోతే రోజు మార్చి రోజు వేసుకునే పద్ధతి గురించి అడగండి. ఒక మోతాదు పడ్డాక పేగు దాదాపు ఒక రోజు ఇనుమును తక్కువ పీల్చుకుంటుందని తేలాక ఇలా రాసే డాక్టర్లు ఉన్నారు. మలం నల్లగా రావడం మామూలే. భయపడి మానేయకండి.

ఎన్నాళ్లు? ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. 7.2 నుంచి 13కు చేరడానికి, ఖాళీ అయిన నిల్వలు నిండడానికి కలిపి మీ అమ్మగారికి 1,200 నుంచి 1,500 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. 100 మిల్లీగ్రాముల ఇనుమున్న మాత్రలోంచి ఒంటికి పట్టేది 10 నుంచి 15. అంటే ఒక్క పూట కూడా తప్పకుండా వేసుకున్నా మూడు నాలుగు నెలలు. మాత్ర సరిగా పడుతుంటే మూడు నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ ఒకటి నుంచి రెండు గ్రాములు పెరగాలి. అప్పుడు ఒకసారి పరీక్ష చేయించండి. పెరగకపోతే ఊరికే ఇంకో సీసా కొనకండి, కారణం వెతకాలి. మామూలు స్థాయికి వచ్చాక కూడా నిల్వల కోసం మరో మూడు నెలలు కొనసాగిస్తారు. ఒంట్లో బాగుందని మధ్యలో ఆపినవాళ్లే ఏడాది తిరిగేసరికి మళ్లీ అదే అంకెతో వస్తారు.

కొందరికి మాత్రలు పనిచేయవు, లేదా అంత వ్యవధి ఉండదు. అప్పుడు సెలైన్ ద్వారా ఇనుము ఎక్కిస్తారు. అది ఆసుపత్రిలోనే చేయాలి, ఇంటికొచ్చి సూది వేసేవాళ్ల చేతికి అప్పగించకూడదు. రక్తం ఎక్కించాలా వద్దా అన్నది అంకెను బట్టి మాత్రమే తేల్చరు. సాధారణంగా 7 కన్నా దిగితేనో, ఛాతీ నొప్పి, గుండె జబ్బు లాంటివి తోడైతేనో ఆలోచిస్తారు. ఒక ప్యాకెట్‌తో పెరిగేది సుమారు ఒక గ్రాము.

అన్నిటికన్నా ముఖ్యం, రక్తం ఎందుకు తగ్గిందన్నది. మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. 46 ఏళ్ల ఆడవారిలో మొదట అడగాల్సింది నెలసరి గురించి. ఏడు రోజులు దాటి ఉంటోందా, గడ్డలు పడుతున్నాయా, గంట రెండు గంటలకే ప్యాడ్ తడుస్తోందా అన్నది అమ్మను మొహమాటపడకుండా అడగండి. చాలామంది తల్లులు ఈ వయసులో ఇది మామూలేనని పిల్లలకు చెప్పరు. గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు అనే గడ్డలు ఉంటే స్కానింగులో తెలుస్తుంది. మొలల రక్తం, నొప్పి మాత్రలు ఎక్కువగా మింగడం వల్ల వచ్చే కడుపు పుండ్లు, పొలంలో చెప్పులు లేకుండా తిరిగేవాళ్లలో కొంకిపురుగులు కూడా కారణాలే. ఐరన్ మాత్రలు మొదలుపెట్టకముందే మలం తారులా నల్లగా వచ్చి ఉంటే ఆ మాట తప్పకుండా చెప్పండి. పరీక్షల్లో పూర్తి రక్తపరీక్ష, అందులో ఎర్ర కణం పరిమాణం చెప్పే ఎంసీవీ, ఫెరిటిన్, బీ12, థైరాయిడ్, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడాలి. ఎంసీవీ 80 కన్నా తక్కువ, ఫెరిటిన్ 30 లోపు ఉంటే ఇనుము లోపమే. ఎంసీవీ 100 దాటితే దారి వేరు, బీ12 లేదా ఫోలిక్ యాసిడ్ లోపం కావచ్చు, ఐరన్ ఎంత మింగినా ఫలితం ఉండదు. క్రియాటినిన్ ఎందుకంటే, ఎముక మజ్జకు ‘ఎర్ర కణాలు తయారు చెయ్’ అని చెప్పే హార్మోను మూత్రపిండాల్లో తయారవుతుంది. ఈ పరీక్షలు తిరుపతిలో రుయాలోనైనా, స్విమ్స్‌లోనైనా చేయించుకోవచ్చు.

తిండి విషయం క్లుప్తంగా. దానిమ్మ, బీట్‌రూట్ ఎర్రగా ఉన్నంత మాత్రాన రక్తం పట్టదు, వాటిలో ఇనుము బాగా తక్కువ. మన రాగిసంగటి మంచిదే, 100 గ్రాముల పిండిలో నాలుగైదు మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. కానీ గింజల్లో ఉండే ఫైటేట్లు ఇనుమును కట్టేయడం వల్ల అందులో ఒంటికి పట్టేది చాలా తక్కువ. రాగులు మొలకెత్తించి పిండి పట్టిస్తే కొంత మెరుగు. మాంసం తినేవాళ్లయితే మేక కార్జంలోని ఇనుము బాగా పడుతుంది. ఏం తిన్నా 7.2ని తిండి ఒక్కటే పైకి లేపలేదు, మాత్ర తప్పదు.

కింద చెప్పినవాటిలో ఏది కనిపించినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి: కదలకుండా కూర్చున్నా ఆయాసం, ఛాతీలో నొప్పి లేదా బిగపట్టినట్టుండడం, స్పృహ తప్పడం, పది నిమిషాలు కూర్చున్నాక కూడా నాడి 110 దాటి ఉండడం, కాళ్ల వాపు, ఆగని రక్తస్రావం. ఆక్సీమీటర్ 94 కన్నా తగ్గితే అది రక్తహీనత పని కాదు, ఊపిరితిత్తులదో గుండెదో చూడాలి. 90 లోపు అయితే 108కి ఫోన్ చేయండి. చూసే ముందు చెయ్యి వెచ్చగా ఉండాలి. నెయిల్ పాలిష్, నల్ల గోరింటాకు లేని వేలు ఎంచుకోండి. అయిదు నిమిషాలు కూర్చున్నాక పెట్టి, అంకె నిలకడపడేదాకా అరనిమిషం కదలకుండా ఉంచండి. మంచి మిషన్‌లో కూడా రెండు అంకెల తేడా ఉంటుంది, చామనఛాయ, నలుపు చర్మం మీద ఉన్నదానికన్నా కొంచెం ఎక్కువే చూపించవచ్చు. అదే మిషన్‌లో నాడి అంకె కూడా వస్తుంది కదా, మీ అమ్మగారి విషయంలో రోజూ రాసుకోవాల్సింది దాన్ని. మేడెక్కి దిగాక ఎంత ఉంది, రెండు నిమిషాలకు ఎంతకు దిగింది అని. మందు పనిచేస్తుంటే 98 కదలదు గానీ ఈ అంకె వారం వారం తగ్గుతూ వస్తుంది.

హిమోగ్లోబిన్ 11 దాటి, మేడ మెట్లు మూడు విడతలు ఆగకుండా ఎక్కగలిగి, డాక్టరు సరేనన్నాక మొక్కు సంగతి చూడండి. అప్పుడైనా తెల్లవారకముందే చల్లపూట బయల్దేరాలి. మాట్లాడుతూ ఎక్కగలిగిన వేగమే సరైన వేగం. మాట తెగిపోతుంటే అక్కడే కూర్చోవాలి.